మనసు జబ్బుకు సర్కారు సొమ్ము: రైతులు తెలుసుకోవలసిన సంగతులు

అల్లంలో దుంపకుళ్లు కనిపిస్తే మొక్క పీకి చేతబట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పోతాం. అదే ఇంట్లో మనిషి నెలరోజులుగా నిద్రలేక, తిండి సహించక, చేను ముఖం చూడకుండా కూర్చుంటే గాలి సోకిందంటాం. కేతకి సంగమేశ్వరునికి మొక్కుకోండి, తప్పులేదు. దాంతోపాటు దవాఖానకూ తీసుకుపోండి. ఇదీ జబ్బే. దీని వైద్యానికి బడ్జెట్‌లో పద్దు ఉంది.

ఝరాసంగం వైపు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని 1996-97లో కేంద్రం మొదట 4 జిల్లాల్లోనే పెట్టింది. అందులో మెదక్ ఒకటి. అప్పుడు మన మండలం మెదక్‌లోనే ఉండేది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

మరి సొమ్మెంత? 2023-24లో కేంద్ర ఆరోగ్యశాఖకు సుమారు 89 వేల కోట్లు పెట్టారు. మనసు జబ్బులకని విడిగా చూపింది 919 కోట్లు. అంటే నూటికి ఒక రూపాయి! అందులోనూ 721 కోట్లు బెంగుళూరు నిమ్హాన్స్‌కే. పెద్దాసుపత్రి కావలసిందే, కాదనం. మన జిల్లాకు వచ్చే పైసలు మాత్రం వేరే దారిలో, జాతీయ ఆరోగ్య మిషన్ కింద, రాష్ట్రం ఏటా పంపే ప్రణాళికను బట్టి వస్తాయి. చీటీ రాయించుకున్న రోగులే లేనిచోట మాత్రలు కావాలని డాక్టరు ఏమని రాస్తాడు? అందుకే దాచుకోకుండా పోయి అడగాలి.

ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికిచ్చే సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2015లో లక్షన్నర నుంచి 6 లక్షలకు పెంచింది. ఆ ఇంటికి అది అవసరమే. కానీ బతికుండగా ఇప్పించే మాత్రల ఖర్చు అందులో ఎన్నో వంతు?

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఈ వైద్యం పొందడం హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు చేతిలో లేకపోయినా, సర్కారు దవాఖానలో ఉచితం. చావబోయి బతికినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలే గాని శిక్షించరాదని కూడా అందులో ఉంది. కేసవుతుందని భయపడి ఇంట్లో దాచిపెట్టకండి.

చస్తానని ఎవరన్నా అంటే ఉత్తమాటని కొట్టిపారేయవద్దు. మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచక, తాళమున్న వేరే చోట పెట్టండి. 14416కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు. 2022 అక్టోబరు నుంచి ఇది నడుస్తోంది.

దిగులు జబ్బుకిచ్చే మాత్రలు రెండు మూడు వారాలకు గాని గుణం చూపవు. పదిరోజులకే పనిచేయలేదని మానవద్దు. తగ్గిందనిపించినా డాక్టరు చెప్పేదాకా ఆపవద్దు.