సుఫ్ఫా అరుగు నుండి యూనివర్సిటీ హాస్టలు వరకు

కొన్నేళ్ల క్రితం రబీవుల్ అవ్వల్ నెలలో, ఒకరోజు ఇషా నమాజు తర్వాత పలమనేరు వైపు నుండి ఒక సోదరుడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆయన టమాటా మండీలో హమాలీ. కూతురికి తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. "హజ్రత్, ఫీజు ప్రభుత్వం ఇస్తుందంటున్నారు. హాస్టలు డిపాజిటు, మెస్సు అడ్వాన్సు మాత్రం ఈ వారంలోనే కట్టాలట. బైతుల్ మాల్ నుండి ఏమైనా..." అంటూ ఆగిపోయారు.

మేము రిజిస్టరు తిరగేశాము. రమజాన్‌లో వచ్చిన జకాత్ అంతా అప్పటికే పంచేశాము. "భాయ్, రమజాన్‌లో రండి, ఇన్షా అల్లాహ్ తప్పకుండా చూద్దాం" అన్నాము. ఆయన సలాం చెప్పి వెళ్లిపోయారు. రమజాన్ వచ్చింది, జకాత్ వచ్చింది. కబురు పెడితే తెలిసింది, ఆ అమ్మాయి సీటు వదులుకుని ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరిందని.

ఆ రోజు పెట్టెలో సొమ్ము లేకపోవడం మా తప్పు కాదు. కాని మహల్లాలో నాలుగు తలుపులు తట్టకపోవడం ముమ్మాటికీ మా తప్పే. సాయం చేసే మనసు మన సమాజంలో ఉంది. అది అందవలసిన వేళకు అందడం లేదు. విద్యార్థికి చేసే సాయం గురించి మన ధర్మం ఏం నేర్పిందో, మనం ఎక్కడ పొరబడుతున్నామో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సుఫ్ఫా విద్యార్థులు

మదీనాలో మస్జిదె నబవీకి ఆనుకుని నీడగల ఒక అరుగు ఉండేది. దాన్నే సుఫ్ఫా అంటారు. ఇల్లూ వాకిలీ, వ్యాపారం, వ్యవసాయం లేని పేద సహచరులు అక్కడే ఉంటూ దైవప్రవక్త (సఅసం) వద్ద విద్య నేర్చుకునేవారు. వారిలో డెబ్బై మందిని తాను చూశానని, పైన కప్పుకునే వస్త్రం కూడా వారికి ఉండేది కాదని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఆయనా వారిలో ఒకరే.

మరి వారి భోజనం ఎవరు చూసేవారు? మదీనా ప్రజలే. ఇంట్లో ఇద్దరికి సరిపడా అన్నం ఉన్నవారు సుఫ్ఫా నుండి మూడో మనిషిని, నలుగురికి సరిపడా ఉన్నవారు ఐదో మనిషినో ఆరో మనిషినో వెంట తీసుకెళ్లాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. అంటే మిగిలితే పెట్టడం కాదు, ఉన్నదాంట్లోనే వాటా పెట్టడం.

అన్సార్లు తమ తోటల నుండి ఖర్జూరపు గెలలు తెచ్చి మస్జిదులో వేలాడదీసేవారు. ఆకలైన సుఫ్ఫా విద్యార్థి వచ్చి తినేవాడు. అయితే కొందరు పనికిరాని, ఎండిపోయిన గెలలు తెచ్చి తగిలించారు. అప్పుడే బఖరా సూరాలోని 267వ ఆయతు అవతరించిందని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) కథనం. మీరు స్వయంగా పుచ్చుకోవడానికి ఇష్టపడని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వకండన్నది ఆ ఆయతులోని హెచ్చరిక. పాత పుస్తకాలు, చిరిగిన సంచులు ఇచ్చి విద్యాదానం చేశామనుకునే వారు ఈ ఆయతును మరోసారి చదువుకోవాలి.

అదే సూరాలోని 273వ ఆయతు దైవమార్గంలో నిమగ్నులై సంపాదనకు తిరగలేని పేదల గురించి చెబుతుంది. వారు వెంటపడి అడగరు. ఆత్మాభిమానం వల్ల, తెలియనివారికి వారు కలిగినవారిలా కనిపిస్తారు. ఇది సుఫ్ఫావారి గురించేనని అనేకమంది వ్యాఖ్యాతలు రాశారు. ఆ అరుగు మీద ఆకలితో గడిపిన అబూ హురైరా (రజి) ద్వారానే 5,374 హదీసులు మనకు అందాయి. ఆనాడు ఆ గెలలు తెచ్చి తగిలించిన అన్సార్ల పుణ్యం ఎంతటిదో ఆలోచించండి.

ఇమామె ఆజమ్ ఇచ్చిన సంచి

విద్యార్థికి ఎలా సాయం చేయాలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) చేసి చూపించారు. ఆయన కూఫా నగరంలో పట్టువస్త్రాల వ్యాపారి. ఆయన పాఠానికి అబూ యూసుఫ్ అనే పేద కుర్రవాడు వచ్చేవాడు. మనకు పూట గడవడమే కష్టం, నీకు ఈ చదువెందుకని తండ్రి అతన్ని మాన్పించాడు. కుర్రవాడు కనిపించకపోతే ఇమామ్ ఊరుకోలేదు, ఆరా తీశారు. తిరిగి వచ్చిన రోజు అందరూ వెళ్లేదాకా కూర్చోబెట్టి, ఒక సంచి చేతిలో పెట్టారు. అందులో వంద దిర్హములున్నాయి. పాఠం మానవద్దని, అవి అయిపోతే చెప్పమని అన్నారు. కొన్నాళ్లకు అడగకుండానే మరో వంద ఇచ్చారు. ఆ తర్వాత కూడా డబ్బు అయిపోయిందని తాను ఎన్నడూ నోరు తెరిచి చెప్పనే లేదని, ఎవరో చెప్పినట్లుగా ఆయనే గ్రహించి ఇస్తూ వచ్చారని అబూ యూసుఫ్ (రహ్మ) తర్వాతి కాలంలో తలచుకునేవారు. ఆ పేద విద్యార్థే ఖలీఫా హారూన్ రషీద్ పాలనలో ప్రధాన ఖాజీ అయ్యారు. ప్రభుత్వ ఆదాయ వ్యయాల గురించి కితాబుల్ ఖరాజ్ అనే గ్రంథం రాశారు.

ఈ సంఘటనలో మనకు నాలుగు పాఠాలున్నాయి. విద్యార్థి కనిపించకపోతే వెతకాలి. నలుగురి ముందు కాకుండా ఏకాంతంలో ఇవ్వాలి. సంచి ఖాళీ కాకముందే మరో సంచి అందాలి. చదువు పూర్తయ్యేదాకా చేయి వదలకూడదు.

యూనివర్సిటీ చదువుకు కూడా పుణ్యముందా?

మదరసా విద్యార్థికి ఇస్తే పుణ్యం సరే, బీటెక్ చదివేవాడికి ఇస్తే ఏం పుణ్యమని కొందరు అడుగుతుంటారు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన మక్కావారిలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులకు, అన్సార్ల పిల్లలు పదిమందికి చొప్పున రాయడం నేర్పితే చాలునని విడుదల చేశారు. నేర్పినవారు అప్పటికి ముస్లిములు కారు, నేర్పింది వట్టి అక్షరాలే. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆదేశించారు. రోగికి మందిచ్చే డాక్టరు, నేలను పరీక్షించే వ్యవసాయ శాస్త్రజ్ఞురాలు, న్యాయం కోసం వాదించే వకీలు సమాజానికి అవసరమే. అలాంటివారు ఊళ్లో ఎవరూ లేకుండా పోతే ఆ బాధ్యత సమాజమంతటి మీదా పడుతుంది. దీన్నే ఫర్జె కిఫాయా అంటారు.

మన ప్రాంతం సంగతి

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ప్రారంభమైంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన భూమిలోనే అది వెలసింది. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. 2015లో ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. దేశం నలుమూలల నుండి పిల్లలు తిరుపతికి వచ్చి చదువుకుంటున్నారు. మరి పుంగనూరు, వాయల్పాడు, పీలేరు, మదనపల్లెల నుండి మన పిల్లలెందరు ఆ గేట్లు దాటుతున్నారు?

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలోని పేరున్న కాలేజీలలో డిగ్రీ విద్యార్థులు ఇరవై ఐదు మందిలో ఒక్కరు, పీజీలో యాభై మందిలో ఒక్కరు మాత్రమే ముస్లిములు. ఆ తర్వాత ప్రభుత్వాలు కొంత చేశాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. వీటివల్ల ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజనీరు, మొదటి డాక్టరు తయారయ్యారు. ఈ మేలును మరువకూడదు.

అయితే ప్రభుత్వ సొమ్ము మీదనే పూర్తిగా ఆధారపడలేము. పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో ప్రకటించింది. ఉన్న పథకాల సొమ్ము కూడా చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. మెస్సు బిల్లు మాత్రం నెల తిరిగేసరికి వస్తుంది. పరీక్ష ఫీజుకు గడువు తేదీ ఉంటుంది. మన పిల్లలు చాలామంది చదువు రాక ఆగిపోవడం లేదు. రెండు తేదీల మధ్య ఉన్న ఈ సందులో పడిపోతున్నారు. ఆ సందును పూడ్చడం మహల్లా చేతిలో ఉన్న పని.

పొరుగువారు నాటిన చెట్లు

చిత్తూరు సరిహద్దు దాటితే పాత ఉత్తర ఆర్కాటు ప్రాంతం. అక్కడి తోళ్ల వ్యాపారులు సంపాదనలో విద్యకు వాటా తీశారు. వాణియంబాడిలో ఇస్లామియా కాలేజీ 1919లో వెలసింది. ఉమరాబాదులోని జామియా దారుస్సలామ్‌ను కాకా ముహమ్మద్ ఉమర్ సాహెబ్ 1924లో స్థాపించారు. ఇటు మన రాయలసీమలో కర్నూలు బిడ్డ డాక్టర్ అబ్దుల్ హఖ్ కృషితో 1947లో ఉస్మానియా కాలేజీ ప్రారంభమైంది.

ఇది ధనికులకే సాధ్యమనుకోవద్దు. 1890లో అలీగఢ్ కాలేజీలో సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్, ఆయన తోటి విద్యార్థులు అంజుమనుల్ ఫర్జ్ అనే సంఘం పెట్టారు. పేద విద్యార్థుల చదువు ఆగకుండా చందాలు పోగుచేయడమే దాని పని. చదువుకుంటున్న కుర్రవాళ్లే తమ తోటివారి కోసం జోలె పట్టారు. దానికి పెట్టుకున్న పేరును గమనించండి. ఫర్జ్ అంటే విధి.

జకాత్ సొమ్ము ఇవ్వవచ్చా?

తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించింది. పేద విద్యార్థి ఫకీర్, మిస్కీన్ పద్దుల్లోకి వస్తాడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ముఖ్యమైన మసాయిల్ ఇవి:

1. విద్యార్థి సాహెబె నిసాబ్ కాకూడదు. అంటే అవసరాలు పోను 612 గ్రాముల వెండి విలువకు సమానమైన సొత్తు అతని వద్ద ఉండకూడదు. వాడుకునే పుస్తకాలు, సైకిలు, చదువుకు అవసరమైన కంప్యూటరు ఈ లెక్కలోకి రావు.

2. జకాత్ సొమ్ము విద్యార్థి సొంతం కావాలి. దీన్ని తమ్లీక్ అంటారు. కాలేజీకి నేరుగా కట్టదలిస్తే, తన తరఫున తీసుకుని కట్టమని విద్యార్థి ముందుగా అనుమతి ఇవ్వాలి.

3. హాస్టలు భవనం, లైబ్రరీ కట్టడానికి జకాత్ చెల్లదు. వాటికి ఐచ్ఛిక దానాలు, వఖ్ఫ్ ఉపయోగించాలి.

4. సొంత కొడుకు, కూతురు, మనవలకు జకాత్ ఇవ్వకూడదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు పేదవారైతే ఇవ్వవచ్చు. అందులో బంధుత్వపు పుణ్యం కూడా ఉంది.

5. సయ్యిద్ వంశీయులకు జకాత్ కాకుండా కానుక రూపంలో సాయం చేయాలి. ముస్లిమేతర పేద విద్యార్థికి ఐచ్ఛిక దానం నుండి నిస్సంకోచంగా ఇవ్వవచ్చు.

6. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని చెప్పనక్కరలేదు. మనసులో సంకల్పం ఉంటే చాలు. స్కాలర్‌షిప్ అని, ఇనామ్ అని చెప్పి ఇవ్వవచ్చు.

7. జకాత్‌కు రమజాన్ షరతు కాదు. నిసాబ్ మీద చాంద్రమాన సంవత్సరం పూర్తయితే విధి అవుతుంది. నిసాబ్ గలవారు ముందుగానే నెలకింతని చెల్లిస్తూ, ఏడాది చివర లెక్క సరిచూసుకోవచ్చు.

ఈ ఏడో మస్అలా ఆ రోజు మాకు తెలియనిది కాదు. తెలిసీ మహల్లావారికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రబీవుల్ అవ్వల్ నెలలో మా పెట్టె ఖాళీగా ఉండేది కాదు.

ఖర్జె హసనా

జకాత్‌కు అర్హులు కాని మధ్యతరగతి ఇళ్లలోనూ ఇబ్బంది ఉంది. వారు వడ్డీ అప్పు వద్దనుకుంటారు, చేయి చాచలేరు. వారికి దారి వడ్డీలేని అప్పు. జిద్దాలోని ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు 1983లో ప్రారంభించిన స్కాలర్‌షిప్ పథకం ఈ పద్ధతి మీదే నిలిచింది. సభ్యత్వం లేని దేశాల్లోని ముస్లిం విద్యార్థులకు ఆ సొమ్ము వడ్డీలేని అప్పు. వారి సమాజానికి మాత్రం అది దానం. చదువై ఉద్యోగం వచ్చాక విద్యార్థి తిరిగి కట్టే వాయిదాలు బ్యాంకుకు పోవు. స్థానిక ట్రస్టు ద్వారా తర్వాతి విద్యార్థుల చదువుకు పోతాయి. ఒక్క గింజ నుండి వరుసగా కంకులు పుట్టినట్లు, ఒక్కరి చదువు నుండి మరొకరి చదువు పుడుతుంది.

మహల్లాలో చేయవలసినది

లక్ష రూపాయల పొదుపు మీద జకాత్ రెండున్నర వేలు. అలాంటి ఇళ్లు నలభై ఉంటే ఏడాదికి లక్ష రూపాయలు. అందులో సగం విధవలకు, రోగులకు పోయినా, మిగిలిన యాభై వేలతో కొందరు విద్యార్థుల డిపాజిట్లు, పరీక్ష ఫీజులు గడువులోపే కట్టవచ్చు.

ఇందుకు పెద్ద సంస్థ అక్కరలేదు. నమ్మకస్తులైన ముగ్గురు మనుషులు, ఒక రిజిస్టరు చాలు. ఇంటర్, డిగ్రీ పాసైన పిల్లల పేర్లు ఏటా రాసుకోండి. ఎవరి ఫీజు ఏ తేదీన కట్టాలో ఎదురుగా రాయండి. దరఖాస్తు గడువులు, ఆదాయ ధ్రువపత్రాల సంగతి తెలిసిన ఒక టీచరును తోడుగా పెట్టండి. సీటు వచ్చి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలను మరువకండి. చెక్కు ఇస్తూ ఫోటో తీసి పదిమందికి పంపకండి. ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాలను వృథా చేసుకోవద్దని బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది.

ప్రియమైన విద్యార్థులారా! మీకొక మాట. ఆ సొమ్ము వెనుక ఎవరో ఒక తల్లి కుట్టుమిషను మీద కూడబెట్టిన రూపాయి ఉంది. అది అమానతు. నమాజును, తరగతిని రెండింటినీ కాపాడుకోండి. మార్కులు తగ్గితే దాచకుండా చెప్పండి. మొదటి జీతం అందిన రోజున మీ ఊళ్లో ఏ ఇంటి పిల్లవాడి గడువు తేదీ దగ్గరపడిందో కనుక్కోండి.

మనిషి మరణించాక కూడా ఆగని పుణ్యాలు మూడని హదీసు తెలుపుతోంది. అవి కొనసాగే దానం, ప్రయోజనం కలిగించే జ్ఞానం, దుఆ చేసే సజ్జన సంతానం. ఒక పేద విద్యార్థిని నిలబెట్టిన వారికి ఈ మూడింటిలోనూ వాటా దొరుకుతుందని ఆశిద్దాం.

ఆ తండ్రిని మేము మళ్లీ కలిశాము. క్షమాపణ అడిగాము. "అల్లాహ్ రాసింది జరిగింది హజ్రత్, చిన్నమ్మాయి ఇప్పుడు ఇంటర్‌లో ఉంది" అన్నారాయన. ఆ పాప పేరు మా రిజిస్టరులో రాసుకున్నాము, దాని ఎదురుగా తేదీ కూడా.

అల్లాహ్ మన సంపదలో శుభాన్ని, మన పిల్లలకు లాభదాయకమైన విద్యను, సమయానికి చేయి అందించే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.