మీరెక్కడిదాకా?

హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానంలో రెండుంబావు గంటలు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు 26 గంటలు. "అంతసేపు రైల్లో కూర్చుని ఏం చేస్తారండీ?" అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. ఏమీ చెయ్యను, అందుకే వెళ్తాను. ఇంట్లో ఖాళీగా కూర్చున్నా గ్యాస్ బుక్ చెయ్యాలనో, కరెంటు బిల్లు కట్టాలనో ఏదో ఒకటి గుర్తొస్తూనే ఉంటుంది. బండెక్కాక ఆ గొడవ లేదు. మనం తొందరపడినంత మాత్రాన అది వేగంగా పోదు, ఆపమన్నా ఆగదు. గొలుసు లాగితే ఆగుతుందనుకోండి, జరిమానా కూడా పడుతుంది.

ఓర్పు, సర్దుబాటు, మాట తీరు నేర్పిస్తామని హోటల్ హాళ్లలో శిక్షణ తరగతులు పెడుతున్నారు. వేలకు వేలు ఫీజు కట్టి వెళ్తున్నాం. కానీ ఆ హాల్లో మన కింది బెర్తు ఎవరూ అడగరు. అసలు పరీక్ష అక్కడ కదా!

బెర్తు అడిగే తీరు గమనించండి. ఒకాయన సూట్‌కేసు సీటు కిందికి తోస్తూనే "మీరు పైకి వెళ్లిపోండి, మా అమ్మ ఎక్కలేదు" అంటాడు. చెప్పింది నిజమే, అవసరమూ నిజమే. అయినా ఎదుటివాడికి లేవబుద్ధి కాదు. ఇంకొకాయన ముందు కూర్చుంటాడు. "మీరెక్కడిదాకా అండీ?" అని కదుపుతాడు. కాజీపేట దాటాక, "అమ్మకు మోకాళ్ల నొప్పులు. పై బెర్తు వచ్చింది. మీకు ఇబ్బంది లేకపోతేనే..." అని ఆగుతాడు. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. కాదనే వీలు ఎదుటివాడికి వదిలాడు కాబట్టి అతను కాదనడు. ఆఫీసులో సెలవు అడగాలన్నా, అన్నదమ్ముల మధ్య పొలం గట్టు మాట ఎత్తాలన్నా కావలసింది ఈ నేర్పే.

ఇవ్వలేనప్పుడు ఇవ్వలేనని చెప్పడమూ నేర్చుకోవలసిందే. నడుంనొప్పి ఉన్నవాడు మొహమాటానికి పైకెక్కి, రాత్రంతా లోపల తిట్టుకుంటూ పడుకోవడం మంచితనం కాదు. "నాకూ నడుం బాగాలేదండీ, పక్క కంపార్ట్‌మెంటులో అడిగి చూద్దాం రండి" అంటే సరిపోతుంది.

మధ్య బెర్తు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాల్చుకోవచ్చని రైల్వే నిబంధన. కానీ పెట్టె నడిచేది నిబంధనల మీద కాదు. తొమ్మిదింటికే పెద్దాయనకు నిద్ర ముంచుకొస్తుంది, కుర్రాళ్లు పేకాటలో ఉంటారు. ఎవరో ఒకరు తగ్గుతారు. ఇక ఆర్‌ఏసీ వచ్చినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకే సైడ్ లోయర్ బెర్తు మీద రాత్రి గడపాలి. తెల్లారేసరికి వాళ్లు కొట్టుకునైనా ఉంటారు, ఫోన్ నంబర్లైనా ఇచ్చిపుచ్చుకుని ఉంటారు.

దూరప్రయాణంలో నాకు ఎక్కువ నచ్చేది వినడం. మళ్లీ కలవమని తెలుసు కాబట్టి మనుషులు రైల్లో నిజాలు మాట్లాడతారు. ఒకసారి మంచిర్యాలలో ఎక్కిన పెద్దాయన సింగరేణిలో భూగర్భ గనుల్లో చేసి రిటైరైనవాడు. పైకప్పును కర్రతో తట్టి ఆ చప్పుడు ఎలా వినేవాళ్లో చెప్పాడు. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే దాని కింద నిలబడకూడదు. చెబుతూ చెబుతూ పై బెర్తు అంచును వేలి కణుపులతో తట్టి చూపించాడు. నాగపూరు వచ్చేదాకా మాలో ఎవరం ఫోను తియ్యలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎక్కేవాళ్లకు ఈ భోగం దక్కదు. స్పీకర్ పెట్టి రీల్స్ చూసేవాళ్లయితే పక్కవాడికి కూడా దక్కనివ్వరు.

తిండి విషయంలో కాలం మారింది. పులిహోర పొట్లం విప్పి ఎదుటివాళ్లకు పెట్టకుండా తినడం ఒకప్పుడు తప్పు. ఇప్పుడు అపరిచితులు పెట్టింది తినొద్దని రైల్వేనే హెచ్చరిస్తోంది. మత్తుమందు కలిపి దోచుకున్న ఉదంతాలు ఉన్నాయి కాబట్టి ఆ జాగ్రత్త సబబే. ఎవరైనా వద్దంటే నొచ్చుకోకండి. పేపరు ఇవ్వండి, కిటికీ పక్క సీటు కాసేపు పిల్లలకు ఇవ్వండి. అదీ పంచుకోవడమే.

కిటికీ అంటే గుర్తొచ్చింది. మంచిర్యాలకు ముందే గోదావరి దాటతాం. సిర్పూర్ కాగజ్‌నగర్ తర్వాత టేకు అడవి. బల్లార్షా వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాడి యాస మారిపోతుంది. ఇటార్సీ దాటాక నర్మద. రాజమండ్రి వంతెన మీద మనవాళ్లు గోదావరికి దణ్ణం పెట్టి చిల్లర వేసినట్టే అక్కడివాళ్లు నర్మదకు వేస్తారు. దేశభక్తి మీద ఉపన్యాసం వినడం కన్నా ఆ దణ్ణం చూడటం మేలని నా అభిప్రాయం.

ఆ దారిలోనే సేవాగ్రామ్ స్టేషన్ తగులుతుంది. గాంధీగారి ఆశ్రమం ఉన్న ఊరు. 1901 కలకత్తా కాంగ్రెస్ తర్వాత ఆయన దేశం చూడాలని కలకత్తా నుంచి రాజ్‌కోటకు మూడో తరగతిలో బయల్దేరారు. కాంగ్రెస్ నాయకుడు గోఖలే ఒక లోహపు టిఫిన్ డబ్బా ఇచ్చి, అందులో లడ్డూలూ పూరీలూ పెట్టించి, స్టేషనుకు వచ్చి మరీ సాగనంపారు. మొదటి తరగతిలో వెళ్తుంటే వచ్చేవాణ్ణి కాదన్నారట! మూడో తరగతి పెట్టెల దుస్థితికి గాంధీ రైల్వేవాళ్లను తప్పుపట్టారు, తోటి ప్రయాణికుల మురికి అలవాట్లనూ వదిలిపెట్టలేదు. నూరేళ్లు దాటినా ఆ రెండో ఫిర్యాదు అలాగే ఉంది. పల్లీల తొక్కలు సీటు కింద రాల్చేవాడికి ఏ వ్యక్తిత్వ వికాస గ్రంథమూ పనిచెయ్యదు.

కాబట్టి ఏడాదికి ఒక్కసారైనా, ఒక పగలూ ఒక రాత్రీ పట్టే ప్రయాణం పెట్టుకోండి. ఫస్ట్ ఏసీ కూపేలో తలుపు వేసుకుని వెళ్తే లాభం లేదు, స్లీపరో థర్డ్ ఏసీయో తీసుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. కింది బెర్తు వస్తే మాత్రం, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఏం చెప్పాలో ఇప్పుడే ఆలోచించుకోండి.