లవకుశ, శ్రీరామరాజ్యం: ఒకే కథ, రెండు సినిమాలు, మా అక్క అడిగిన ప్రశ్న



శ్రీరామనవమికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పానకం, వడపప్పు. తర్వాత టీవీలో భద్రాచలం కల్యాణం. భోజనాలయ్యాక రాముడి సినిమా ఒకటి. ఎక్కువసార్లు ‘లవకుశ’, లేదంటే ‘శ్రీరామరాజ్యం’.

పోయినేడు మాత్రం సినిమా మధ్యలో అమ్మ రిమోట్ అందుకుంది. సీతమ్మను లక్ష్మణుడు అడవిలో దింపే సీన్ వస్తోంది. పక్కనే మా అక్క ఉంది. అత్తింటి నుంచి వచ్చేసి అప్పటికి ఆరు నెలలు. “మార్చకమ్మా, చూస్తాను” అంది. సినిమా అయ్యాక నన్ను అడిగింది: “ఒరేయ్, ఎవరో అన్న మాటకి ఆవిడ ఎందుకు వెళ్లాలిరా?”

నా దగ్గర జవాబు లేదు. తర్వాత తీరిక చేసుకుని రెండు సినిమాలూ మళ్లీ చూశాను, వాల్మీకి ఉత్తరకాండ తాత్పర్యం చదివాను. నాకు అర్థమైనంతలో రాస్తున్నాను.

ముందు మూలంలో ఏముంది?

వాల్మీకి ఉత్తరకాండలో చాకలి పాత్ర లేదండి! జనం ఏమనుకుంటున్నారని రాముడు అడిగితే, భద్రుడనే వాడు చెబుతాడు: వీధుల్లో, అంగళ్లలో, తోటల్లో అందరూ సీతమ్మ గురించే మాట్లాడుకుంటున్నారని. అంటే ఆ మాట ఒక్కడిది కాదు, ఊరందరిదీ. చాకలి కథ తర్వాతి కథనాల్లో వచ్చింది. లవకుశులు తండ్రితో యుద్ధం చేయడం కూడా వాల్మీకిలో లేదు. అక్కడ వాళ్లు అశ్వమేధంలో రామకథ గానం చేస్తారు, అంతే.

ఇంకో సంగతి. ఉత్తరకాండ తర్వాత చేర్చినదని చాలామంది పండితుల అభిప్రాయం. సంస్కృతంలో భవభూతి అయితే తన ‘ఉత్తరరామచరితం’ చివర్లో సీతారాములను కలిపేశాడు. అంటే మా అక్కకు వచ్చిన బాధ వెయ్యేళ్ల కిందటి కవులకీ వచ్చిందన్నమాట.

లవకుశ (1963)

ఈ కథను సి. పుల్లయ్య గారు రెండుసార్లు తీశారు. మొదటిది 1934లో, బ్లాక్ అండ్ వైట్‌లో. రెండోది 1963లో, కొడుకు సి.ఎస్. రావు గారితో కలిసి. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం ఇదే మొదటిది. రాముడు ఎన్టీఆర్, సీత అంజలీదేవి, వాల్మీకి నాగయ్య. ఘంటసాల సంగీతం. పాటలు, పద్యాలు కలిపి ముప్పైకి పైనే. అందుకే కథ చాలావరకు గానంలోనే నడుస్తుంది. లవకుశులకు పాడింది లీల, సుశీల. ఆ పిల్లలు అయోధ్యలో పాడేది తమ ఇంటి కథే, కానీ ఆ సంగతి వాళ్లకు తెలియదు. నాకు ఎప్పుడు చూసినా గొంతు పట్టేసేది అక్కడే.

శ్రీరామరాజ్యం (2011)

బాపు దర్శకత్వం, ముళ్లపూడి రచన. సినిమా నవంబరులో వచ్చింది, రమణ గారు ఆ ఫిబ్రవరిలోనే వెళ్లిపోయారు. బాలకృష్ణ రాముడు, నయనతార సీత, అక్కినేని వాల్మీకి, ఇళయరాజా సంగీతం. ఇందులో నాకు బాగా నచ్చిన మార్పు బాలరాజు. హనుమంతుడే చిన్న పిల్లాడిగా వచ్చి ఆశ్రమంలో సీతమ్మకు సేవ చేస్తాడు. ఊరంతా వదిలేసిన మనిషి దగ్గరికి వెతుక్కుంటూ వచ్చినవాడు.

ఏది గొప్ప?

సంగీతానికి, పద్యానికి నా ఓటు ‘లవకుశ’కే. బొమ్మ అందానికి, బాలరాజుకి ‘శ్రీరామరాజ్యం’. అయితే రెండు సినిమాల్లోనూ నింద ఒక చాకలి నోట్లో పెట్టారు. కథకి అది సులువు. చూసే మనకీ సులువే, వాడిని తిట్టుకుని లేచిపోవచ్చు. వాల్మీకి ఆ అవకాశం ఇవ్వలేదు. మాట అన్నది ఊరైతే, ఆ ఊళ్లో నేనూ ఉంటాను.

ఉన్నాను కూడా. అక్క ఇంటికి వచ్చిన కొత్తలో, “కాలనీలో ఎవరైనా అడిగితే సెలవులకి వచ్చిందని చెబుదాం” అన్నది నేనే. అక్క ఆ మాట విన్నదని నాకు తెలుసు.

ఇక ముగింపు. రెండు సినిమాల్లోనూ, వాల్మీకిలోనూ సీతమ్మ అయోధ్యకి తిరిగి రాదు. యజ్ఞంలో పక్కన బంగారు సీతను పెట్టుకున్న రాముడికి మిగిలింది ఆ బొమ్మే. రాముడు చేసింది రాజధర్మమా కాదా అని పెద్దలు ఎన్నో రకాలుగా చెప్పారు. దాన్ని తేల్చేంతవాణ్ణి కాను. కానీ ఊరి మాట ఎంత పని చేస్తుందో మాత్రం ఈ కథ దాచలేదు. రాముడంతటివాడి ఇల్లే నిలవలేదు.

అక్కకి ఇదంతా చెప్పాను. ఆ సెలవుల మాటకి క్షమించమనీ అడిగాను. “సరేలే, ఇకనుంచి బాలరాజులా ఉండు” అని నవ్వింది. ఈమధ్య పక్కింటి ఆంటీ అడిగితే, “అక్క ఇక్కడే ఉంటోందండీ, మాతోనే” అన్నాను. అంతే, ఆవిడ ఇంకేం అడగలేదు.

ఈసారి సినిమా చూసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి:

1. ఆ నింద వేసినవాళ్లలో నేను ఎక్కడున్నాను?
2. నా ఇంట్లో, నా స్నేహితుల్లో ఇప్పుడు బాలరాజు అవసరం ఎవరికి ఉంది?

జై శ్రీరామ్!