వదిలేయడం తెలిస్తేనే రోబో తయారవుతుంది

టెక్సాస్‌లో హైస్కూలు పిల్లల రోబోటిక్స్ టీములకు చాలా ఏళ్లుగా మెంటర్‌గా ఉంటున్నాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇప్పుడు సంక్రాంతి పనులతోపాటు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్ హడావుడీ ఉంటోంది. డీన్ కామెన్ 1989లో ఫస్ట్ సంస్థను స్థాపించారు. 1992లో న్యూ హాంప్‌షైర్‌లోని ఒక హైస్కూలు జిమ్‌లో 28 టీములతో తొలి పోటీ జరిగింది. ఏటా జనవరిలో కొత్త ఆట ప్రకటిస్తారు. ఆ తర్వాత పోటీకి మిగిలేది కొన్ని వారాలే. ఈ ఏడు టీముల్లో చేరుతున్న పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ నా అనుభవంలో తేలిన సంగతులు చెబుతాను.

1. రూల్‌బుక్ చదవకుండా బొమ్మ గీయొద్దు. ఆట వీడియో చూడగానే పిల్లలు బోర్డు మీద చేతులూ లిఫ్టులూ గీసేస్తారు. ముందు అందరూ రూల్‌బుక్ మొత్తం చదవాలి. ఎత్తు ఎంతవరకు ఉండొచ్చు, బరువు ఎంత, ఏ పనికి ఎన్ని పాయింట్లు అని ఒకరినొకరు అడగాలి. 2024లో బంపర్లు, బ్యాటరీ కాకుండా రోబో 125 పౌండ్ల దాకా ఉండనిచ్చారు. 2025లో దాన్ని 115కి తగ్గించారు. నిరుటి లెక్కతో మొదలుపెట్టిన టీము ఆ పది పౌండ్లను చివర్లో ఎక్కడ కోయాలా అని తల పట్టుకోవాల్సిందే.

2. ఏం చేయబోవడం లేదో రాసి పెట్టుకోండి. ఈ పాఠాలన్నిటిలో నాకు ముఖ్యమైనది ఇదే. 2024, 2025 ఆటల్లో మ్యాచ్ మొత్తం రెండున్నర నిమిషాలే ఉండేది. మొదటి 15 సెకన్లు రోబో తనంతట తాను నడవాల్సి వచ్చేది, మిగతా సమయం డ్రైవర్ల చేతిలో ఉండేది. ఒక్కో పక్షాన మూడు రోబోలుంటాయి కాబట్టి అన్ని పనులూ మీరే చేయనక్కర్లేదు.

2024 ఆటనే తీసుకోండి. నారింజ రంగు ఫోమ్ రింగును స్పీకర్ అనే గోల్‌లో వేస్తే మామూలుగా 2 పాయింట్లు. చివర్లో గొలుసు పట్టుకుని వేలాడుతూ ట్రాప్ అనే మరో గోల్‌లో వేస్తే 5. ఆ ఐదు చూసి ఏ పిల్లాడికైనా మనసు లాగుతుంది. కానీ దానికి ఇంకో చేయి కావాలి, ఇంకో మోటారు కావాలి, దాని కోడూ రాయాలి. స్పీకర్‌లో మూడు రింగులు ఎక్కువ వేయగలిగితే వచ్చేది 6. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి. పైగా అర్హత మ్యాచ్‌లు అయ్యాక ఎనిమిది మంది కెప్టెన్లు తమతో ఆడే టీములను ఎంచుకుంటారు. వాళ్లు వెతికేది నాలుగు పనులు అరకొరగా చేసే రోబోను కాదు, ఒకే పనిని ప్రతి మ్యాచ్‌లోనూ తప్పకుండా చేసే రోబోను.

3. ముందు చెక్కతో చేసి చూడండి. 2024 ఆటలోని ఆ రింగు మందం రెండంగుళాలు. ప్లైవుడ్ ముక్కలు రెండు నిలబెట్టి, మధ్యలో రోలర్లు బిగించి, చేతి డ్రిల్‌తో తిప్పితే చాలు, చాలా సంగతులు తెలుస్తాయి. రోలర్ల మధ్య ఖాళీ సరిగ్గా రెండంగుళాలే ఉంటే రింగు జారిపోతుంది. కాస్త తగ్గిస్తే ఫోమ్ నొక్కుకుని, రోలరు దాన్ని పట్టి లాక్కుంటుంది. మరీ తగ్గిస్తే ఇరుక్కుపోయి డ్రిల్ మూలుగుతుంది. ఆ కొలత చేతికి తెలిసిన తర్వాతే అల్యూమినియం కోయండి.

4. నడక తర్వాతే చేతులు. కదలని రోబోకు ఎంత గొప్ప చేయి ఉన్నా దండగే. నాలుగు చక్రాలూ వేటికవి తిరిగే స్వెర్వ్ డ్రైవ్ చురుగ్గా ఉంటుంది, నిజమే. కానీ దానికి ఎనిమిది మోటార్లు కావాలి, కోడ్ మీద గట్టి పట్టుండాలి. కొత్త టీముకు ఆరు చక్రాల మామూలు బండి ఏమాత్రం చిన్నతనం కాదు.

5. ప్రతి వైరునూ లాగి చూడండి. రోబో మైదానం మధ్యలో ఆగి ఆగి నడుస్తుంటే పిల్లలు ముందు కోడ్‌నే అనుమానిస్తారు. మీరు ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్లండి. టెర్మినల్ నట్టు వేళ్లతో తిరుగుతోందంటే వదులైనట్టే. మోటార్లన్నీ ఒక్కసారి కరెంటు లాగితే ఆ వదులు కనెక్షన్ దగ్గర వేడి పుడుతుంది, 12 వోల్టులు కాస్తా పడిపోతాయి. వోల్టేజి మరీ పడితే కంట్రోలర్ తనను కాపాడుకోవడానికి మోటార్లను ఆపేస్తుంది. క్రింప్ చేసిన ప్రతి కనెక్టరునూ వేళ్లతో గట్టిగా లాగాలి. ఊడితే మంచిదే, వర్క్‌షాపులోనే ఊడింది.

6. డ్రైవర్లకు రోజులు మిగల్చండి. 2019 వరకు గడువు రాగానే రోబోను సంచిలో పెట్టి సీలు వేసేవాళ్లు. 2020 నుంచి ఆ నియమం లేదు. దాంతో పోటీ ముందురోజు దాకా ఏదో ఒకటి బిగించాలనే ఆశ పెరిగింది. ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ దాటాక కొత్త భాగం ఏదీ చేర్చకండి, సాధన ఒక్కటే చేయండి.

7. అమ్మానాన్నలూ, రెంచి పిల్లల చేతుల్లోనే ఉండనివ్వండి. మీకు తెలిసినా చెప్పేయకండి, “ఇలా ఎందుకు పెట్టావమ్మా?” అని అడగండి. పోటీలో మరో టీముకు ఏదైనా భాగం విరిగిందంటే మన దగ్గరున్నది ఇవ్వడం కూడా వాళ్లనే నేర్చుకోనివ్వండి. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ఈ పోటీలో నాటిన సంస్కారం అది. గట్టిగా ఆడాలి, ఎదుటివాళ్లను గౌరవించాలి. జడ్జిలు పిట్ (పోటీలో టీము పనిచేసుకునే చోటు) దగ్గరికి వచ్చినప్పుడు పెద్దవాళ్లను అడగరు, పిల్లల్నే అడుగుతారు. “మేం ట్రాప్ వదిలేశాం, ఎందుకంటే...” అంటూ పదిహేనేళ్ల అమ్మాయి లెక్కతో సహా తడబడకుండా చెప్పాలంటే, ఆ నిర్ణయం ఆ అమ్మాయి తీసుకున్నదే అయి ఉండాలి.