బెజియర్ కర్వ్: పేరు ఒకరిది, లెక్క ఇంకొకరిది

క్యాడ్ ల్యాబ్‌లో మనం రోజూ అనే "బెజియర్" ఒక మనిషి పేరు. పియర్ బెజియే, ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు. ఆయన ముందున్న సమస్య పుస్తకాల్లోది కాదు, షాప్ ఫ్లోర్‌ది.

కారు డోర్ వంపుని డ్రాయింగ్‌లో కొన్ని సెక్షన్లుగా మాత్రమే గీయగలరు. రెండు సెక్షన్ల మధ్య ఏముందో ప్యాటర్న్ చేసేవాడి కంటికే తెలియాలి. చివరికి చెక్కతోనో ప్లాస్టర్‌తోనో చేసిన మాస్టర్ మోడల్‌దే తుది మాట. మనిషి చేతిలో ఇది ఎలాగోలా నడిచింది. న్యూమరికల్ కంట్రోల్ మెషిన్లు వచ్చాక నడవలేదు. మెషిన్‌కి అందాజా తెలీదు కదా, ప్రతి పాయింటుకీ అంకె కావాలి.

ఆ అంకె తీసే పద్ధతి ఆశ్చర్యపోయేంత తేలిక. నాలుగు కంట్రోల్ పాయింట్లు తీసుకోండి: (0,0), (0,4), (4,4), (4,0). వరసగా పక్కపక్క పాయింట్లకి మధ్య బిందువులు పెడితే (0,2), (2,4), (4,2). వాటికి మళ్లీ మధ్య బిందువులు (1,3), (3,3). ఇంకోసారి చేస్తే (2,3). అంతే, కర్వ్ సరిగ్గా అక్కడి నుంచే వెళ్తుంది! సగం బదులు పావు నిష్పత్తి తీసుకుంటే ఇంకో పాయింట్ వస్తుంది. కర్వ్ మొదటి, చివరి పాయింట్లను తాకుతుంది, మధ్యవి దాన్ని తమ వైపు లాగుతాయి. అందుకే లెక్కలు రాని స్టైలిస్ట్ కూడా పాయింట్ పట్టుకుని లాగి వంపు దిద్దగలడు.

అయితే ఈ మధ్య బిందువుల లెక్క బెజియేది కాదు. 1958లో సిట్రోయెన్‌లో చేరిన గణితజ్ఞుడు పాల్ ద కాస్తెల్జోది. ఆయన 1959లోనే రాసిపెట్టాడు, కంపెనీ దాన్ని రహస్యంగా దాచింది. బెజియే వేరే దారిలో అదే కర్వ్‌కి చేరుకుని, 1960ల్లో తన పనిని బయటికి ప్రచురించాడు. పేరు ఆయనకి దక్కింది. కాస్తెల్జోకి ఆల్గారిథమ్ పేరు మిగిలింది. నన్నడిగితే ఇది బెజియే తప్పు కాదు, తాళం వేసినవాళ్లది.

ఈ కర్వ్‌తో పర్ఫెక్ట్ సర్కిల్ మాత్రం రాదు. కంట్రోల్ పాయింట్లకి వెయిట్లు ఇవ్వాలి. నర్బ్స్‌లో "రేషనల్" అనే మాట దాని గురించే.

ఇంత కష్టపడి అందాజా తీసేశాక, 3డి ప్రింటింగ్ కోసం ఎస్టీఎల్ చేసినప్పుడు మనమే దాన్ని మళ్లీ తెస్తున్నాం. ఎస్టీఎల్‌లో కర్వ్ ఉండదు, త్రిభుజాలే ఉంటాయి. 608 బేరింగ్ బయటి వ్యాసం 22 మి.మీ. దాని రంధ్రం 24 ముక్కలుగా విరిగితే ఒక్కో ముక్క మధ్యలో సుమారు 0.09 మి.మీ. లోపలికి వస్తుంది. అంటే ఎదురెదురు ముక్కల మధ్య దూరం 21.81 మాత్రమే. స్మూత్‌గా జారాల్సిన బేరింగ్ బిగుసుకుంటుంది, మనం ప్రింటర్‌ని తిట్టుకుంటాం. ఎక్స్‌పోర్ట్ కొట్టే ముందు టాలరెన్స్ సెట్టింగ్ ఒకసారి చూడండి.