పదింతల ఎత్తు, వెయ్యింతల బరువు

“మావాడు రేకు మీద నెమలిని కొడితే ఈకలు లెక్కపెట్టుకోవచ్చు సార్. ఈ షీల్డులూ దీపపు కుందులూ ఇంకెన్నాళ్లు? పెద్ద విగ్రహాల లైన్లో పెడదామనుకుంటున్నాం. ఏ కోర్సులో చేర్చమంటారు?”

పెంబర్తి, బుడితి లాంటి చోట్ల లోహపు పని చేసే ఇళ్ల నుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తోంది. హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు నిలిచాక మరీ ఎక్కువైంది. అడిగేది తండ్రి. పక్కన కూర్చున్న పిల్లాడు నోరు మెదపడు. వాడికేం ఇష్టమో ఇంట్లో ఎవరైనా అడిగారా అంటే అదీ లేదు.

చిన్న పని చేసేవాడు ఎదగనివాడు, పెద్ద విగ్రహం చేసేవాడు ఎదిగినవాడు అనే లెక్కను ముందు పక్కన పెట్టండి. ఇవి రెండు వేర్వేరు వృత్తులు.

అడుగు ఎత్తు గట్టి ఇత్తడి బొమ్మ రెండు కిలోలు తూగిందనుకుందాం. దాన్నే పదడుగులకు పెంచితే ఎత్తు పదింతలు, పైతలం వందింతలు, బరువు వెయ్యింతలు అవుతాయి. అంటే రెండు టన్నులు! అందుకే పెద్దవాటిని బోలుగా, ముక్కలు ముక్కలుగా పోతపోసి వెల్డింగ్‌తో అతుకుతారు. లోపల ఉక్కు చట్రం నిలబెడతారు. గాలి ఒత్తిడికి అది ఆగుతుందో లేదో లెక్కకట్టి సంతకం పెట్టాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు.

న్యూయార్క్‌లో 1886లో నిలిపిన లిబర్టీ విగ్రహం ఒళ్లంతా రెండున్నర మిల్లీమీటర్ల మందం కూడా లేని రాగి రేకే. సుత్తి దెబ్బలతో ఉబ్బెత్తుగా తీర్చిందే. ఈ మాట చెబితే పెంబర్తి కుర్రాళ్ల ముఖాలు వెలుగుతాయి. వెలగాలి కూడా. అయితే దాన్ని నిలబెట్టిన ఇనుప చట్రం గుస్తావ్ ఐఫెల్ అనే ఇంజినీరుది. రాగికీ ఇనుముకూ మధ్య వేసిన ఆస్బెస్టాస్ పొర కాలక్రమంలో పాడైంది. రెండు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకి ఇనుము తుప్పుపట్టింది. 1980ల్లో రేకును చట్రానికి పట్టి ఉంచే ఇనుప పట్టీలు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. రేకు కొట్టినవాళ్ల పనితనంలో వంక లేదు. ఇబ్బంది రేకు వెనక వచ్చింది. పెద్ద పనిలో కష్టమంతా అక్కడే ఉంటుంది.

ఇక డబ్బు. కుందులు అమ్మితే నెలలో చేతికొస్తుంది. విగ్రహం ఆర్డరు అలా కాదు. లోహం, మైనం, షెడ్డు అద్దె, క్రేను, కూలీలు అన్నీ ముందు మీ జేబులోంచి పోవాలి. విగ్రహ కమిటీలో తగాదా వచ్చినా, ఎన్నికల కోడ్ వచ్చినా, స్థలం అనుమతి రాకపోయినా నడుము దాకా తయారైన నాయకుడు మీ షెడ్డులోనే ఉండిపోతాడు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఈ సంగతి తెలియకుండా, పిల్లాడి పేరు మీద తొలి ఆర్డరు పట్టి, ఇంటి పత్రాలు తాకట్టు పెట్టే తండ్రులను చూస్తే నాకు జాలి కంటే కోపమే ముందు వస్తుంది. ఇరవై ఏళ్లవాడి నెత్తిన ఆ అప్పు ఎందుకు?

కోచింగ్ మరో ఉచ్చు. ఆరు నెలల్లో 3డీ సాఫ్ట్‌వేర్ నేర్పి ‘పబ్లిక్ ఆర్టిస్ట్’ను చేస్తామంటారు. సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది, కాదనను. చేతిలో పని ఉన్నవాడు దాన్ని పని చేస్తూనే నేర్చుకోగలడు. దానికోసం లక్షలు పోయకండి. ఎనిమిదో తరగతి నుంచే డిజైన్ ఎంట్రన్సుల కోచింగ్‌లో కూర్చోబెట్టడం మరీ అన్యాయం. సుత్తి అలవాటైన చేతితో బట్టీ పట్టిన బొమ్మలు దిద్దించి, ఉన్న ఒడుపు కూడా పోగొడతారు.

నన్నడిగితే దారి పోతశాల గుండా వెళ్లాలి. పది పాసైతే తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో నాలుగేళ్ల లోహశిల్పం డిప్లొమా ఉంది. ఇంటర్ తర్వాతైతే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో శిల్పంలో బీఎఫ్‌ఏ. ఏది చదివినా ఏడాది ఐటీఐ వెల్డర్ కోర్సు చేయమంటాను. “వెల్డరా?” అని మొహం చిట్లించే తల్లిదండ్రులు ఒకసారి పెద్ద విగ్రహాల షెడ్డుకు వెళ్లి చూడాలి. చెంప ఒక ముక్క, దవడ ఒక ముక్క. అతికాక మధ్యలో వేలెడు వెడల్పున గరుకు గీత మిగులుతుంది. గ్రైండరుతో అరగదీస్తే గీతతోపాటు చెంప నునుపూ పోతుంది. చిన్న ఉలి పట్టి, చుట్టూ ఉన్న గరుకుదనానికి సరిపోయేలా చుక్క చుక్కగా కొట్టి ఆ అతుకును మాయం చేయాలి. డిగ్రీ పట్టుకొచ్చినవాళ్లలో చాలామందికి అది రాదు. రేకు పని ఇంట్లో పుట్టిన పిల్లకో పిల్లాడికో వస్తుంది. షెడ్డులో వాళ్లకు గౌరవం దొరికేది అక్కడ.

చిన్న పనివాళ్లు పెద్ద పని చేయలేరని కాదు. 2023లో ఢిల్లీ భారత మండపం ముందు నిలిపిన 27 అడుగుల నటరాజును మైనపు పోత పద్ధతిలో చేసింది తమిళనాడులోని స్వామిమలై స్థపతులు. వాళ్ల వెనక తరాల పోత అనుభవం ఉంది, మనుషుల బలగం ఉంది. ఆడపిల్లకు కొలిమి ఎందుకనేవాళ్లకు శిల్పి మీరా ముఖర్జీ పేరు చెబుతాను. మ్యూనిక్‌లో చదివి వచ్చి, బస్తర్ పోతపనివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుని, 1970ల్లో కళింగ యుద్ధానంతర అశోకుణ్ణి నిలువెత్తును మించిన కంచు విగ్రహంగా పోసింది ఆమె. మన ఆదిలాబాద్ ఓజా లోహకారులు చేసేదీ అలాంటి మైనపు పోతే.

సొంతంగా పని మొదలుపెట్టేవాళ్లు విగ్రహంతో మొదలుపెట్టకండి. గోడ పలకలతో మొదలుపెట్టండి. ధ్వజస్తంభం తొడుగు, గుడి తలుపు, హోటల్ లాబీ గోడ, ఆఫీసు ప్రవేశద్వారం. నాలుగడుగుల పలకలు పది కలిస్తే నలభై అడుగుల పని. ఒకటి చెడితే ఒకటే పోతుంది, మొత్తం మునగదు.

ఒప్పందం లేకుండా లోహం కొనొద్దు. అడ్వాన్సు ఎంత, పునాది ఎవరిది, ఇంజినీరు ఫీజు ఎవరిస్తారు, ఆలస్యమైతే షెడ్డు అద్దె ఎవరిది, అన్నీ రాయించుకోండి. పని నిలబెట్టాక కూడా గొడవ రావచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి పడేస్తే, ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మని, 5 లక్షల పరిహారం కట్టమని తీర్పిచ్చింది. తన పనిని పాడుచేస్తే అడిగే హక్కును కళాకారుడికిచ్చే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. పనిని తీసేయాల్సి వస్తే ముందు మీకు కబురు చెప్పాలన్న షరతు కూడా కాగితంలో ఉండాలి. ఆ కాగితం తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది.