మార్చే ముందు ఒక నకలు – లినక్స్‌లో కాన్ఫిగరేషన్ ఫైళ్ళు

లినక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరవగానే నల్లటి తెర, మెరిసే కర్సర్ కనిపిస్తాయి. "మనకెందుకులే, పాడైతే ఎవరు బాగు చేస్తారు?" అని వెనక్కి తగ్గే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. పదిమంది వాడే కంప్యూటర్ బూట్ కాకపోతే పదిమంది ప్రాజెక్టు పనీ ఆగుతుంది. కానీ పాడుచేసేది ఆ నల్లటి తెర కాదు, నకలు తీయకుండా చేసే మార్పు.

సిస్టమ్ ఎలా నడవాలో చెప్పే ఫైళ్ళు ఎక్కువగా ‘/ఈటీసీ’ డైరెక్టరీలో ఉంటాయి. ఇవి మామూలు అక్షరాల ఫైళ్ళే. చాలావాటిలో హాష్ గుర్తుతో మొదలయ్యే లైన్లు మనుషుల కోసం రాసిన వివరణలు. చదవడానికి ‘లెస్’ కమాండ్ చాలు. మార్చాలంటే ‘సుడో’ కావాలి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్నబడిలోనే. లినక్స్‌కు చిన్నబడి, పెద్దబడి వేరువేరు.)

ఉదాహరణకు, రెండో హార్డ్ డిస్క్ ప్రతిసారీ దానంతట అదే తెరుచుకోవాలి అనుకుందాం. ఆ సంగతి ‘/ఈటీసీ/ఎఫ్ఎస్‌టాబ్’లో రాయాలి. ముందుగా ‘సుడో సీపీ’తో ఆ ఫైలును చివర ‘.బాక్’ అని చేర్చిన పేరుతో కాపీ చేయండి. తర్వాత ‘సుడో నానో’తో అసలు ఫైలు తెరవండి. ఒక్కో లైనులో ఆరు గడులు: డిస్క్, తెరుచుకునే చోటు, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, చివర రెండు అంకెలు. డిస్క్ దగ్గర ‘ఎస్‌డీబీ1’ లాంటి పేరు రాస్తే అది రేపు మారిపోవచ్చు. ‘సుడో బీఎల్‌కేఐడీ’ చూపించే యూయూఐడీ రాయడం మేలు. ఆప్షన్లలో ‘నోఫెయిల్’ చేర్చితే ఆ డిస్క్ లేని రోజున కూడా బూట్ ఆగదు. కంట్రోల్–ఓ, ఎంటర్ నొక్కితే సేవ్ అవుతుంది. కంట్రోల్–ఎక్స్‌తో బయటికి రావచ్చు.

1976లో బిల్ జాయ్ రాసిన ‘వీఐ’ ఎడిటర్‌లోకి పొరపాటున వెళ్ళి బయటికి రాలేనివారు ప్రపంచమంతా ఉన్నారు. ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్ కొడితే ఏమీ మారకుండా బయటపడతారు.

సేవ్ చేశాక వెంటనే రీస్టార్ట్ చేయవద్దు. ‘సుడో మౌంట్ -ఏ’ ఇవ్వండి. లైనులో తప్పుంటే చాలావరకు అక్కడికక్కడే చెబుతుంది. చూడకుండా రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. రూట్ పాస్‌వర్డ్ తెలిసినవారు అప్పుడు ‘మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /’ ఇచ్చి, ‘.బాక్’ నకలును అసలు పేరు మీదికి కాపీ చేస్తే సరిపోతుంది. నకలు ఉంటే అది రెండు నిమిషాల పని.

‘సుడోయర్స్’ ఫైలును మాత్రం నానోతో నేరుగా తెరవకండి. అందులో తప్పు పడితే సుడోనే పనిచేయకపోవచ్చు. తాళంచెవి లోపల పెట్టి పెట్టెకు తాళం వేసినట్టే. దానికి ‘వైసుడో’ ఉంది, స్పెల్లింగు వీఐ పక్కన సుడో. రాసినది సరిగా ఉందో లేదో చూశాకే అది అసలు ఫైలును మారుస్తుంది.

ఏం మార్చారో తర్వాత గుర్తు రాకపోతే ‘డిఫ్’కు నకలు పేరు, అసలు పేరు ఇవ్వండి. తేడా ఉన్న లైన్లే చూపిస్తుంది. మార్చిన లైను పైన హాష్ పెట్టి మీ పేరు, తేదీ, కారణం కూడా రాసి పెడితే, మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారు ఎవరిని అడగాలో వెతుక్కోనక్కరలేదు.